పాత 1070కి జత కట్టాలా, ఒక్క 3060 కొనుక్కోవాలా?

గాజువాక_గుంటడు | శుక్రవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

నా సిస్టమ్ మా అన్నయ్య 2016 చివర్లో కొన్నది. ఐ7-6700, జెడ్170 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె). మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్. అన్నయ్య ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ నాకు వదిలేశాడు.

సంగతేంటంటే, మా మేనత్త కొడుకు, బావ దగ్గర కూడా అచ్చం ఇదే 1070 ఉంది. కంపెనీ కూడా అదే. వచ్చే నెల బావ పెళ్లి. పెళ్లయ్యాక ఇంకా ఆటలేంట్రా అని ఇంట్లో అంటున్నారట, 6,500కి ఇచ్చేస్తానన్నాడు. నా బోర్డు అట్ట మీద ఎస్ఎల్ఐ (రెండు కార్డులు కలిపి నడిపే ఎన్విడియా పద్ధతి) అని పెద్దక్షరాలతో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే చూడ్డానికైనా బాగుంటుంది కదా అని ఆశ.

ఇంకోపక్క మన వైజాగ్ డైమండ్ పార్క్ దగ్గర ఒకాయన సెకండ్ హ్యాండ్ ఆర్టీఎక్స్ 3060, 12 జీబీది, 16,000 చెప్తున్నాడు. నా దగ్గర ఉన్నవి మొత్తం పద్దెనిమిది వేలు, ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి. ఆడేవి వాలరెంట్, జీటీఏ 5, ఈమధ్య సైబర్‌పంక్. బావకు వద్దని చెప్పడం కూడా కొంచెం ఇబ్బందే. ఏం చెయ్యమంటారు?

జోడెద్దులు | శుక్రవారం, రాత్రి 11:05

కళ్లు మూసుకుని తీసుకో గురూ. నేను 2017 నుంచి రెండు 1070లతోనే ఆడుతున్నాను, అక్కయ్యపాలెంలో మా ఇంటికొచ్చి చూడు కావాలంటే. షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్‌లో నా జోడీ ముందు నీ 3060 నిలబడదు. 6,500కి 1070 అంటే బావ నీకు కట్నం ఇస్తున్నట్టే.

ఈ కాలం కుర్రాళ్లకి కొత్తదంటే చాలు. పాతవి రెండు కలిస్తే ఏమవుతుందో చూడలేదు మీరు.

మల్లి_మర్రిపాలెం | శుక్రవారం, రాత్రి 11:31

తమ్ముడూ, నువ్వు ఆడే ఆటల పేర్లు మళ్లీ ఒకసారి చదువుకో. వాలరెంట్‌కి ఎస్ఎల్ఐ లేదు. సైబర్‌పంక్‌కి లేదు. ఈ రెండింట్లో రెండో కార్డు ఊరికే వెలుగుతూ కూర్చుంటుంది. మిగిలింది జీటీఏ 5, దానికి ఉంది. అదొక్కదాని కోసం 6,500 పెడతావా?

ఇంకో మాట. వాలరెంట్‌లో నీకు ఫ్రేములు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు, అదే ఎఫ్‌పీఎస్) తగ్గుతున్నాయంటే తప్పు కార్డుది కాదు, ప్రాసెసర్‌ది. 1080పీలో అలాంటి ఆటలకు 1070యే ఎక్కువ. ఆటలో సెట్టింగులన్నీ తగ్గించి చూడు. ఎఫ్‌పీఎస్ పెరగకపోతే కార్డు ఖాళీగా ఉన్నట్టే. అప్పుడు 3060 పెట్టినా వాలరెంట్‌లో పెద్ద తేడా రాదు, ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

టౌన్‌షిప్_బాబాయ్ | శనివారం, ఉదయం 6:20

పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లబోతూ చూశాను. రెండు కార్డులు కలపడం మా కాలం నుంచి ఉన్న పిచ్చే బాబూ. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ల వూడూ2 ఒక్కటి పెడితే 800×600 దాకా, రెండు కలిపితే 1024×768. నేను కంటితో చూడలేదు, పత్రికలో బొమ్మ చూసి నోరూరింది. 2000 చివర్లో ఆ కంపెనీ ఆస్తులు ఎన్విడియా కొనుక్కుంది, 2004లో ఎస్ఎల్ఐ అన్న అవే మూడక్షరాల్ని మళ్లీ తెచ్చింది, ఆ అక్షరాల పూర్తి పేరు మాత్రం వేరు. మరుసటి ఏడు ఏటీఐ (ఇప్పటి ఏఎండీ) వాళ్లు తమ జత పద్ధతికి క్రాస్‌ఫైర్ అన్నారు.

నా పిచ్చి 2014లో పట్టుకుంది. సెప్టెంబర్‌లో జీటీఎక్స్ 970 రాగానే ఒకటి తెప్పించాను, ఆర్నెల్లాగి రెండోది కొనాలని ప్లాను. కొరియర్ అందిన నాలుగో రోజు, అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుపాను. మేం అప్పటికి ఊళ్లో అద్దెకుండేవాళ్లం. మా వీధికి కరెంటు వచ్చేసరికి పది రోజులు. కార్డు అట్టపెట్టెలో, పెట్టె బియ్యం డబ్బా మీద, నేను చేతిలో ప్లాస్టిక్ బిందెతో ట్యాంకర్ క్యూలో. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, ఆ పది రోజులూ నువ్వు ఇంటికప్పు కంటే ఆ పెట్టె గురించే ఎక్కువ బాధపడ్డావని.

జనవరిలో తెలిసింది, అందులో 4 జీబీ ఉన్నా వేగంగా పనిచేసేది 3.5 జీబీయేనని. రెండోది కొనలేదు. అమెరికాలో కేసేస్తే కార్డుకి 30 డాలర్లు ఇచ్చారు, మనకేటి ఇస్తారు.

ఉప్పుగాలి | శనివారం, మధ్యాహ్నం 1:15

సర్వీసింగ్ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, లాసన్స్ బే దగ్గర. రెండు కార్డులు కలిపే పద్ధతి ఎందుకు చచ్చిపోయిందో చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

టిఫిన్ బండి మీద ఇద్దరు దోసెలు పోస్తున్నారనుకో. మొదటి దోసె ఇతను, రెండోది అతను, మూడోది మళ్లీ ఇతను. ఎస్ఎల్ఐలో ఎక్కువ ఆటలు నడిచింది ఇలాగే, ఒక ఫ్రేము ఒక కార్డు, తర్వాతి ఫ్రేము రెండోది. దోసెకీ దోసెకీ సంబంధం లేనన్నాళ్లు బండి జోరుగా నడిచింది. కానీ ఇప్పటి ఆటల్లో అంచులు నున్నగా కనపడాలంటే వెనకటి ఫ్రేములో ఏముందో చూసి ఈ ఫ్రేము గియ్యాలి. అంటే అతని పెనం మీద దోసె ఎంత కాలిందో చూశాకే ఇతను పిండి పొయ్యాలి. ఒకరి కోసం ఒకరు ఆగుతూ కూర్చుంటే ఇద్దరెందుకు?

ఇంకా జనం పొరబడేది మెమరీ దగ్గర. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు జీబీ అనుకుంటారు. కాదు. చెరో గిన్నె ఉంటుంది, రెండు గిన్నెల్లోనూ అదే పిండి. ఏ బొమ్మ ఒకదాంట్లో ఉందో రెండోదాంట్లోనూ ఉండాల్సిందే. నీకు ఉండేది ఎనిమిదే.

డైరెక్ట్ఎక్స్ (ఆటకీ కార్డుకీ మధ్య విండోస్ పొర) 11 దాకా ఈ జత కట్టే పని డ్రైవర్ (కార్డుని నడిపే ప్రోగ్రామ్) చూసుకునేది, ఎన్విడియా ఆటకో ప్రొఫైల్ రాసిచ్చేది. డైరెక్ట్ఎక్స్ 12 వచ్చాక ఆ బరువు ఆట తయారుచేసేవాళ్ల మీద పడింది. నూటికి ఒకరింట్లో ఉండే రెండో కార్డు కోసం వాళ్లెందుకు తల బద్దలు కొట్టుకుంటారు? 1060కే ఎస్ఎల్ఐ తీసేశారు. 30 సిరీస్‌లో 3090 రకాలకు తప్ప లేదు, 40లో అసలు లేదు. 2021 జనవరి 1 నుంచి పాత కార్డులకు కొత్త ప్రొఫైళ్లు రాయబోమని ముందే చెప్పేశారు. ఏఎండీ కూడా 2019లో ఆర్ఎక్స్ 5700తో క్రాస్‌ఫైర్ మూటగట్టేసింది.

జోడెద్దులు | శనివారం, మధ్యాహ్నం 2:02

ఉప్పుగాలి గారూ, దోసెల కథ బాగుంది. కానీ ఆడిన ఆటలే మళ్లీ మళ్లీ ఆడేవాడి మాటేంటి? నాకు విచర్ 3 పాతది చాలు, టూంబ్ రైడర్ రెండు చాలు, జీటీఏ చాలు. వాటిల్లో నా జోడీ ఇప్పటికీ పరిగెడుతుంది. జీటీఏలో తొంభై తగ్గదు.

ఉప్పుగాలి | శనివారం, మధ్యాహ్నం 2:40

కాదనను. కలిసొచ్చిన ఆటలో రెండు 1070లు 3060ని దాటేస్తాయి, అది నిజమే. కానీ ఆ తొంభై ఎలా వస్తోందో ఎప్పుడైనా చూశారా?

పోయిన ఏడు ఒకాయన ఇలాంటి జోడీనే తెచ్చాడు. కంప్లైంట్ ఏంటంటే, "మీటర్ తొంభై అంటోంది, కళ్లకి నలభైలా ఉంది." జీటీఏలో బీచ్ రోడ్డు లాంటి ఒక రోడ్డుంది కదా, దాని మీద బండి పోనిచ్చి ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య టైమ్ గ్రాఫ్ తీశాను. సెకనుకి తొంభై అంటే ఒక్కో ఫ్రేము 11 మిల్లీసెకన్లకి రావాలి. ఈయనకి ఒకటి 5కి, తర్వాతది 17కి, మళ్లీ 5, మళ్లీ 17. గ్రాఫ్ గీత కాదు, రంపం పళ్లు. సగటు లెక్కేస్తే 11 వస్తుంది, మీటర్ అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన కన్ను ఆ 17ని పట్టుకుంటోంది. రెండో కార్డు తీసి ఒక్కదాంతో చూపించాను, యాభై ఎనిమిది. "అరె, ఇదే బాగుంది" అన్నాడు పాపం, రెండేళ్లు ఆడాక.

అందరికీ ఇంత ఘోరంగా ఉండదు. ఫ్రేములకి గట్టిగా లిమిట్ పెడితే తగ్గుతుంది. మీరు పెట్టే ఉంటారు.

జోడెద్దులు | శనివారం, మధ్యాహ్నం 2:58

75కి పెట్టాను. అందుకే హాయిగా ఉంది. తొంభై అన్నది లిమిట్ తీస్తే.

మల్లి_మర్రిపాలెం | శనివారం, మధ్యాహ్నం 3:03

అంటే రెండు కార్డులు కొని, రెండింటినీ పట్టి ఆపి 75 దగ్గర ఆడుతున్నారా అన్నా 😀 మీ పేరు జోడెద్దులు కాదు, కళ్లెం అని పెట్టుకోండి.

గాజువాక_గుంటడు | శనివారం, రాత్రి 9:10

మల్లి అక్కా, మీరు చెప్పినట్టు వాలరెంట్‌లో అన్నీ తగ్గించి చూశాను. ఎఫ్‌పీఎస్ కదల్లేదు. అర్థమైంది.

కానీ కథ ఇంకో మలుపు తిరిగింది. బావ ఇప్పుడు 5,000కే ఇస్తానంటున్నాడు. అత్త కూడా ఫోన్ చేసి, మీ బావకి ఆ డబ్బుతో షేర్వాణీకి మ్యాచింగ్ చెప్పులు కొనాలట అంది. ఐదువేలకి వదులుకోవడం తప్పేమో అనిపిస్తోంది. ఇంకోటి, ఎస్ఎల్ఐకి రెండు కార్డుల్ని కలిపే బ్రిడ్జి అని ఒక ముక్క కావాలంట కదా, బోర్డు పెట్టెలో వచ్చిందట. అమ్మని అడిగితే ఆ పెట్టె పోయిన దీపావళికి పాత పేపర్ల వాడికి వేసేశానంది.

టౌన్‌షిప్_బాబాయ్ | శనివారం, రాత్రి 9:48

మీ అమ్మగారు నీకు మేలే చేశారు.

చెప్పుల సంగతి తర్వాత, నీ ఎస్ఎంపీఎస్ సంగతి చూడు ముందు. 1070 ఒక్కటి 150 వాట్లు. రెండంటే 300. దాని మీద ప్రాసెసర్, డిస్కులు, ఫ్యాన్లు. తొమ్మిదేళ్ల నాటి 550 వాట్ల పెట్టె మీద ఈ బరువు నేనైతే పెట్టను. కొత్త ఎస్ఎంపీఎస్ కొంటావు, అక్కడికి బావ ఇచ్చిన డిస్కౌంటు పోయింది. 3060 అయితే 170 వాట్లు, 550 సరిపోతుందని వాళ్లే చెప్తారు. రోజుకి నాలుగు గంటలు ఆడితే రెండింటికీ తేడా అర యూనిట్, నెలకి పదిహేను పదహారు యూనిట్లు. ఈపీడీసీఎల్ బిల్లు మీ నాన్నగారి చేతికి వెళ్తుంది కదా, ఆలోచించుకో.

ఇక మే నెల. మన ఊరి ఉక్కలో రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి ఉంటే కింది కార్డు వదిలిన వేడి పైది పీల్చుకుంటుంది.

జోడెద్దులు | శనివారం, రాత్రి 10:15

అది మాత్రం నిజం. నాది పైది 83 డిగ్రీలు దాటకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, కిందిది 68లో ఉంటుంది. ఎండాకాలం క్యాబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెడతాను. ఈమధ్య పైదాని ఫ్యాను చిన్న చప్పుడు కూడా చేస్తోంది. అయినా నేను మారను.

రుషికొండ_రెండర్ | ఆదివారం, ఉదయం 11:30

ఆలస్యంగా వచ్చాను. రెండు కార్డులు పూర్తిగా దండగ అనకండి, నా పొట్ట వాటి మీదే. నేను బ్లెండర్‌లో త్రీడీ పని చేస్తాను. రెండర్‌కి (త్రీడీ బొమ్మని చివరి చిత్రంగా గియ్యడానికి) ఎన్ని కార్డులుంటే అంత వేగం, బ్రిడ్జి అక్కర్లేదు, ఒకే మోడల్ కూడా అక్కర్లేదు. ఫ్రేము ఎప్పుడొచ్చిందని అక్కడ కళ్లు కాసుకుని కూర్చునేవాడు లేడు కదా, అందుకు. ఇంట్లో ఏఐ మోడళ్లు నడిపేవాళ్లు కూడా మోడల్‌ని ముక్కలు చేసి రెండు కార్డుల మెమరీలో సర్దుకుంటారు.

ఆటల్లో కూడా ఒక దొడ్డిదారి ఉంది. లాస్‌లెస్ స్కేలింగ్ అని స్టీమ్‌లో అమ్మే చిన్న ప్రోగ్రామ్. ఒక కార్డు ఆట నడుపుతుంది, రెండోది మధ్యలో ఫ్రేములు పుట్టించే పని మాత్రం చూసుకుంటుంది. మానిటర్ వైరు రెండోదానికి పెట్టాలి. గుంటడు తమ్ముడు 3060 కొన్నా పాత 1070ని పక్కన ఉంచుకుని ఇది చెయ్యొచ్చు. అంటే నీకు కావాల్సిన జత ఇప్పటికే నీ ఇంట్లో ఉంది, బావది అక్కర్లేదు.

మల్లి_మర్రిపాలెం | ఆదివారం, మధ్యాహ్నం 12:05

దానికో మెలిక ఉంది. 1070కి గేమ్ రెడీ డ్రైవర్లు, అంటే కొత్త ఆటల కోసం వచ్చేవి, 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. ఇక 2028 అక్టోబర్ దాకా మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లే. రెండు ఎన్విడియా కార్డులు ఒకే డ్రైవర్ మీద నడవాలి. 1070 సిస్టమ్‌లో ఉన్నంతకాలం 3060 కూడా ఆ పాత వరసలోనే ఆగిపోతుంది. అదీగాక పుట్టించిన ఫ్రేములతో వాలరెంట్ ఆడితే చేతికీ తెరకీ మధ్య ఆలస్యం తెలుస్తుంది.

బావ కార్డుకీ ఇదే లెక్క వర్తిస్తుంది. డ్రైవర్ ఆగిపోయిన కార్డు ఒకటి ఉంటే సర్దుకోవచ్చు, డబ్బిచ్చి రెండోది తెచ్చుకోవడం ఎందుకు? 2024 చివరి నుంచి రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల్ని లెక్కగట్టి గియ్యడం) హార్డ్‌వేర్ లేకపోతే మొదలే కాని ఆటలు కూడా వస్తున్నాయి. 1070లు రెండు కాదు, పది పెట్టినా ఆ తలుపు తెరుచుకోదు. డీఎల్ఎస్ఎస్ (చిన్నగా గీసిన బొమ్మని ఏఐతో పెద్దది చేసి వేగం పెంచేది) కూడా ఆర్టీఎక్స్ కార్డులకే.

గాజువాక_గుంటడు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

సరే, 3060కే ఫిక్స్ అయ్యాను. కొత్త 4060 కోసం ఆగమంటారా? సాయంత్రం డైమండ్ పార్క్ ఆయన రమ్మన్నాడు. చూసేటప్పుడు ఏం చూడాలి?

ఉప్పుగాలి | ఆదివారం, మధ్యాహ్నం 1:25

4060 కోసం ఆగకు. కరెంటు తక్కువ తింటుంది, 115 వాట్లే, వేగం కూడా ఎక్కువే. కానీ దానికి పీసీఐఈ లైన్లు (కార్డు బోర్డుతో మాట్లాడే దారులు) ఎనిమిదే, మెమరీ 8 జీబీ. నీది జెనరేషన్ 3 బోర్డు, దారి వేగం తక్కువ. మెమరీ నిండిన రోజున ఆ ఎనిమిది లైన్లు ఇరుకు సందు అవుతాయి. 3060కి పదహారు లైన్లు, 12 జీబీ. నీ బోర్డుకి అదే సరైన సంబంధం. పైగా నీ దగ్గర పద్దెనిమిది వేలే.

ఇక చూడాల్సింది. మన ఊళ్లో కార్డుకి క్రిప్టో మైనింగ్ (నాణేల కోసం రాత్రింబగళ్లు లెక్కలు చేయించడం) కంటే పెద్ద శత్రువు సముద్రం. ముందు వెనక పట్టీ చూడు, మానిటర్ వైర్లు గుచ్చే ఇనప రేకు. దాని మీద గోధుమరంగు చుక్కలున్నాయా, స్క్రూల తలల్లో పచ్చగా ఏదైనా పట్టిందా. తర్వాత సెల్‌ఫోన్ టార్చ్ వేసి ఫ్యాన్ రెక్కల మధ్య నుంచి లోపలి అల్యూమినియం పలకలు చూడు. తెల్లటి పొడి సున్నం కొట్టినట్టు కనిపిస్తే అది దుమ్ము కాదు, ఉప్పు తిన్న లోహం. వేలితో రాస్తే పోదు. అలాంటిది ఏసీ వేసిన గదిలో బాగానే నడుస్తుంది, వానాకాలం ఒక రోజు తెర మీద చారలు వస్తాయి. అప్పుడు నా దగ్గరికి తెస్తారు. నేను కడిగి ఇస్తాను, మళ్లీ ఆర్నెల్లకి వస్తారు.

కార్డు చేత్తో పట్టుకుని ఫ్యాన్లు మెల్లగా తిప్పు. గరగరమంటే వదిలెయ్. అంచుల్లో నూనె మరక ఉంటే థర్మల్ ప్యాడ్లు కారాయన్నమాట, అది చిన్న ఖర్చే. జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో పేరు, 12 జీబీ, లైన్లు చూసుకో, బయాస్ (కార్డు లోపలి ప్రోగ్రామ్) మార్చి వేరే కార్డుని అమ్మేవాళ్లున్నారు. ఆఖరుగా ఇరవై నిమిషాలు స్ట్రెస్ టెస్ట్, అంటే కార్డుని పూర్తి బరువు మీద నడపడం, నీ కళ్లముందు. దీనికి ఒప్పుకోనివాడి దగ్గర పదివేలకి ఇచ్చినా కొనకు.

మైనింగ్ చేసిందా అంటే, 2021లో కొన్నవి చాలావరకు చేసే ఉంటాయి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారాక అవన్నీ బజార్లోకి వచ్చాయి. ఫ్యాన్లు బాగుండి, టెస్ట్ నిలబడితే నేను పట్టించుకోను.

గాజువాక_గుంటడు | ఆదివారం, రాత్రి 9:55

వెళ్లాను. కొనలేదు. పట్టీ మీద చుక్కలు ఉన్నాయి, మీరు చెప్పిన తెల్ల పొడి కూడా. "ఏ ఏరియాలో వాడారండీ" అంటే బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్, తొమ్మిదో ఫ్లోర్, బాల్కనీ పక్కనే టేబుల్ అని గర్వంగా చెప్పాడు. స్ట్రెస్ టెస్ట్ అడిగితే టైమ్ లేదన్నాడు. పద్నాలుగుకి దిగాడు. నాకు టెన్షన్ వచ్చేసి, అమ్మని అడిగి చెప్తానని బయటపడ్డాను.

ఉప్పుగాలి | ఆదివారం, రాత్రి 10:01

శభాష్.

గాజువాక_గుంటడు | తర్వాతి శనివారం, రాత్రి 11:20

సీతమ్మధారలో ఒకరి దగ్గర దొరికింది. బిల్లు ఉంది, పట్టీ మెరుస్తోంది, అరగంట టెస్ట్ పెట్టుకోమని టీ కూడా ఇచ్చారు. 17,000. తీరా ఇంటికి తెస్తే క్యాబినెట్‌లో పట్టలేదు, మూడు ఫ్యాన్ల కార్డు, ముందు హార్డ్ డిస్కుల గూడుకి తగులుతోంది. గూడు మరలు విప్పి తీసేసి, డిస్కుని కింద డబుల్ టేప్‌తో అంటించాను. నవ్వకండి.

వాలరెంట్‌లో పది ఎఫ్‌పీఎస్ కూడా పెరగలేదు, మల్లి అక్కా మీకు దండం. సైబర్‌పంక్ మాత్రం డీఎల్ఎస్ఎస్ పెట్టాక వేరే ఆటలా ఉంది. రాత్రి వాన పడుతున్న వీధిలో ఊరికే నడుచుకుంటూ పోతున్నాను, ఆట ఆడట్లేదు. నా 1070ని అమ్మాలనిపించలేదు, పాత సబ్బు పెట్టెలా అట్టలో చుట్టి బీరువా మీద పెట్టాను.

బావకి చెప్పాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ, పెళ్లిలో పందిరి పని నీదే అని శిక్ష వేశాడు.

టౌన్‌షిప్_బాబాయ్ | ఆదివారం, ఉదయం 6:05

డబుల్ టేప్ వేసవికి జారిపోతుంది, మర వేయించు. పెళ్లి ఎక్కడ బాబూ, భీమిలి వైపైతే చెప్పు, వస్తాం.

జోడెద్దులు | ఆదివారం, ఉదయం 10:47

గుంటడూ, మీ బావగారి కార్డు ఇంకా ఉందా? అదే కంపెనీ అన్నావు కదా, రెండు ఫ్యాన్లదేనా? నా పైదాని ఫ్యాను నిన్న రాత్రి ఆగిపోయింది. ఐదువేలైతే ఈరోజే వచ్చి తీసుకుంటా. నంబర్ ప్రైవేట్‌గా పంపు.

మల్లికి చెప్పకు.

మల్లి_మర్రిపాలెం | ఆదివారం, ఉదయం 10:49

చూశాను.